సెన్సే అడిగిన పన్నెండు రోజులు

బీడీలు చుట్టినన్నాళ్లు నేను ఎవరినీ సెలవు అడగలేదు. అడగడానికి ఎదురుగా మనిషి లేడు. చేతులు ఆడితే కూలి, ఆగితే లేదు. ఒళ్లు కాలుతున్నా చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే ఉండేదాన్ని. సెలవు అనేది కుర్చీ, బల్ల, ఫ్యాను ఉన్నవాళ్ల వస్తువని అనుకునేదాన్ని.

కామారెడ్డిలో హాస్టల్ వంటపనికి కుదిరాక నాకూ ఆ వస్తువు దొరికింది. దానితోపాటు దాన్ని అడిగే పద్ధతీ నేర్చుకున్నాను. మా దగ్గర పద్ధతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఒకటి, కారణం చావో దవాఖానో అయి ఉండాలి. పిల్లల్ని చూడాలని ఉంది, అలసిపోయాను అంటే అది కారణం కాదు. రెండు, కావలసినదానికి రెండింతలు అడగాలి. ఎందుకంటే సారు సగం కోస్తారు. కోయడం ఆయన తప్పు కాదు, రెండింతలు అడగడం మా తప్పూ కాదు. వంకాయలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎట్లాగో మేమూ అట్లాగే.

మా సారు నడిపేది శిక్షణ కేంద్రం. నర్సింగు చదివిన ఆడపిల్లలకు అక్కడ జపాన్ భాష నేర్పిస్తారు. భాష వచ్చి పరీక్ష గట్టెక్కితే ఆ దేశంలో ముసలివాళ్లను చూసుకునే పని దొరుకుతుంది. మాచారెడ్డి, బీర్కూర్, బాన్సువాడ, ఇటు మా ఎల్లారెడ్డి, అన్ని దిక్కుల పిల్లలూ వచ్చేవాళ్లు. తండ్రులు కూలినాలి చేసేవాళ్లు, తల్లులు ఎక్కువమంది బీడీలు చుట్టేవాళ్లు. కింద క్లాసులు, పైన హాస్టల్, వెనక రేకుల షెడ్డులో నా వంట.

భాష చెప్పడానికి ఆ దేశం నుంచే ఒకామె వచ్చింది. ముప్పై అయిదేండ్లు ఉంటాయేమో, మనిషి సన్నం. గురువును వాళ్ల భాషలో సెన్సే అంటారట. పిల్లలు అట్లాగే పిలిచేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. ఆమె మాత్రం పిల్లల్ని చూసి నన్ను పెద్దమ్మా అనేది.

మొదటి రోజు అన్నం తిన్నాక తన పళ్లెం తానే కడిగింది. నేను గుంజుకోబోతే ఇవ్వలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజుకు పిల్లలందరూ వరుసకట్టి ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకుండా పని చేయించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా ఆమె గొంతు ఒకే ఎత్తులో ఉండేది. గంట కొట్టకముందే బోర్డు ముందు నిలబడి ఉండేది.

ఆ రోజుల్లోనే నేను అక్షరాలు పట్టుకున్నాను. యాభై దాటిన తర్వాత. బీర్కూర్ పిల్ల ఒకతి సాయంత్రం పూట షెడ్డులో నాపరాతి మీద సుద్దముక్కతో అ, ఆ రాసి చూపించేది. సెన్సేకు కూడా తెలుగు కావాలి. వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల ముందు మేమిద్దరం విద్యార్థులం. సెన్సే అక్షరం అచ్చులో పోసినట్టు ఉండేది. నాది గాలికి ఒరిగిన జొన్నకర్ర.

"పెద్దమ్మా, గుణింతం కూడా గింత వంకరా?" అని బీర్కూర్ పిల్ల నవ్వితే, "నా వంటకు వంకలు పెట్టుకుంట తినేటప్పుడు యాదికి లేదా బిడ్డా, నా రాతకు వంకలు పెడుతున్నవ్?" అని నేను అనేదాన్ని.

సెన్సే మాత్రం నవ్వేది కాదు. తన చేత్తో నా చెయ్యి పట్టుకునేదీ కాదు. నేను చెరిపి మళ్లీ రాసేదాకా పక్కన కూర్చునేది. తమ భాషలో మూడు రకాల అక్షరాలు ఉంటాయని, చిన్నపిల్లలకు అవి వచ్చేసరికి ఏండ్లు పడుతుందని చెప్పింది. "మనది జల్ది అయితది పెద్దమ్మా" అంది. ఆ "మనది" అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆమె తెలుగు అంతా నా వంటింట్లో నేర్చిందే. అందుకే పుస్తకంలో ఉన్నట్టు ఉండేది కాదు, మాలాగే ఉండేది.

ఆదివారం నాతో కూరగాయల మార్కెట్‌కు వచ్చేది. దారిలో దుకాణాల బోర్డులు ఇద్దరం పోటీపడి చదివేవాళ్లం. మార్కెట్లో మాత్రం ఆమె నన్ను నవ్వులపాలు చేసేది. ధర అడుగుతుంది. నచ్చితే కొంటుంది. నచ్చకపోతే దండం పెట్టి కదిలిపోతుంది. బేరం లేదు. కూరగాయలమ్మే అక్కలు వెనక నుంచి కేకలు వేసేవాళ్లు.

"అగో, పోతున్నదేందే! ఓ మేడం, దా! నువ్వెంతకు అడుగుతవో అడుగు. నోట్ల ముత్యాలు రాలుతయా?"

"ఆమె ధర చెప్పింది కద పెద్దమ్మా" అనేది సెన్సే నాతో. "మల్ల నేనెందుకు ఇంకోటి చెప్పాలె? ఆమె అబద్ధం చెప్పిందా?"

"అబద్ధం కాదు బిడ్డా. గట్ల చెప్తరు."

ఆమెకు అర్థమయ్యేది కాదు. నాకూ అంతకంటే విప్పి చెప్పడం రాలేదు.

ఆ చలికాలంలో ఆమె తండ్రి చనిపోయాడు. కబురు పొద్దున్నే ఫోనులో వచ్చింది. ఆమె క్లాసు చెప్పింది. తర్వాత నా దగ్గరికి వచ్చి వేడినీళ్లు అడిగింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని, తాగకుండా, "మా నాన్న పోయిండు పెద్దమ్మా" అంది. పిల్లలకు పరీక్ష ముందర ఉంది. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. తనే ఉండిపోయింది. తండ్రిని సాగనంపడం ఫోనులో చూసింది. సారు ఈ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. "డ్యూటీ అంటే గది!" అని. ఆయన మెచ్చుకోలు నిజమైనదే. ఆ బ్యాచ్‌లో చాలామంది గట్టెక్కారు.

ఎండాకాలం పోయి తొలకరి పడ్డాక ఒకరోజు క్లాసు అయిపోగానే ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లింది. నేను సారుకు చాయ్ తీసుకుపోయాను. అందుకే మొదటినుంచీ విన్నాను.

"సార్, ఆగస్టుల నాకు సెలవు కావాలె. పన్నెండు రోజులు. ఇంటికి పోవాలె, ఓబోన్ ఉంది."

సారు సంతోషంగా కుర్చీలో వెనక్కి వాలారు. "తీసుకో మేడం, ఎవ్వలొద్దన్నరు? దసరాకు ఇంటికి పో. బతుకమ్మ, దసరా కలిపి మస్తు రోజులొస్తయి. నేనే టికెట్ చూపిస్త."

"దసరాకు కాదు సార్. ఆగస్టు."

"ఆగస్టు ఎట్ల కుదురుతది? పంద్రాగస్టుకు జెండా ఎగరేస్తం. కొత్త బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులు వస్తరు. నువ్వు లేకపోతే నేను ఎవర్ని చూపియ్యాలె?"

"నన్ను చూపిస్తరా?" అంది ఆమె. కోపంతో కాదు. తన పనుల్లో అది కూడా ఒకటా అని తెలుసుకోవడానికి అడిగినట్టు.

సారు చాయ్ ఒక గుక్క తాగి, "సరే, నీ మాట తీసేయను. ఆరు రోజులు. పంద్రాగస్టు అయినంక పో" అన్నారు. అని, చాలా ఇచ్చినవాడిలా నా దిక్కు కూడా చూసి నవ్వారు. నాకూ ఆయన బాగానే ఇచ్చారనిపించింది. పన్నెండు అడిగితే ఆరు. న్యాయమైన కోతే.

"థాంక్స్ సార్. అది సాలదు. నేను రేపు మల్ల వస్త" అని ఆమె తల వంచి బయటికి వచ్చింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఈ ముచ్చటే. ఆఫీసులో లెక్కలు చూసే తమ్ముడు ఆమె పక్కన చేరి రహస్యం చెప్పినట్టు చెప్పాడు.

"మేడం, గట్ల అడిగితే ఇయ్యరు. అమ్మకు సీరియస్ అని చెప్పున్రి. నేను మా అమ్మమ్మను రెండుసార్లు సంపిన."

"రెండుసార్లా?"

"మా అమ్మమ్మకు అక్కాచెల్లెండ్లున్నరు మేడం. ఇంక ఇద్దరు మిగిలిన్రు. పోయిన నెలనే ఒకామెకు పక్షవాతం పెట్టిన."

పిల్లలు పళ్లేలు పట్టుకుని పడి పడి నవ్వారు. సెన్సే కొంచెంసేపు ఆలోచించింది. "మా అమ్మ మంచిగుంది. రోజు పొద్దుగాల నడుస్తది. జ్వరమని చెప్తే ఆమెకు నిజంగ జ్వరం వస్తది కద" అంది.

"రాదు మేడం!"

"వస్తే?"

ఆ తమ్ముడు తన పళ్లెం తీసుకుని కడగడానికి లేచాడు.

నేను నాకు తెలిసింది చెప్పాను. "నువ్వు ఇరవై నాలుగు అడగాల్సింది బిడ్డా. అప్పుడు పన్నెండు చేతికొచ్చేటియి."

"పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. ఇంటిపని, సమాధి కడుగుడు, పండుగ, చుట్టాలు. అంత కలిపితే పన్నెండు" అంటూ ఆమె వేళ్లు మడిచి చూపించింది. "ఇరవై నాలుగు నాకెందుకు పెద్దమ్మా?"

మర్నాడు వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. క్లాసు అయిపోగానే చేతులకు అంటిన సుద్దపొడి కడుక్కుని, ఆఫీసు గది ముందు చెప్పులు విడిచి, లోపలికి పోయి అదే మాట అదే గొంతుతో అడిగేది. సారు ఒకనాడు కసిరారు. ఒకనాడు బతిమాలారు. ఒకనాడు ఫోను చెవికి పెట్టుకుని చేత్తో తర్వాత అని సైగ చేశారు. ఆమె బయట బెంచీ మీద కూర్చుని, ఫోను అయ్యాక మళ్లీ లోపలికి పోయింది. చాయ్ ఇస్తే తాగి, బాగుంది అని చెప్పి, మళ్లీ అడిగింది. ఒక్కరోజు క్లాసు ఎగ్గొట్టలేదు. పిల్లల ముందు సారు గురించి ఒక్క మాట అనలేదు.

నేను ఇది వింతగా చూశాను. నాకు తెలిసి పెద్దవాళ్ల దగ్గర ఏదైనా తీసుకోవాలంటే రెండే దారులు. కాళ్లు పట్టుకోవాలి, లేదంటే కల్లలాడాలి. మూడో దారి కూడా ఉంటుందని, అది ఊరికే అడగడమని నేను ఎరగను.

సారు మాటను తప్పు పట్టలేను. ఒకరోజు ఆమె వెళ్లాక నాతోనే చెప్పుకున్నారు. "అవ్వా, నీకు తెల్వదు. ఈమెకు ముందు వచ్చిన సారు గూడ పది రోజుల్ల వస్తనని పోయిండు. మల్ల ఫోనే ఎత్తలే. పిల్లల తండ్రులు నా ఇంటి మీదికొచ్చిన్రు. ఈమె గూడ పోయి రాకపోతే, అప్పు చేసి పంపినోళ్లకు నేనేం చెప్పాలె?" ఆయన భయమూ భయమే.

ఆ నెలలోనే తొలి ఏకాదశి వచ్చింది. ఎండాకాలంలో ఎల్లారెడ్డిలో మా అన్న చనిపోయాడు. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ తర్వాత వచ్చే మొదటి పండుగను ఆ ఇంటివాళ్లు తమంతట తాము చేసుకోరు. దగ్గరి చుట్టాలు పోవాలి. చల్లగా ఉన్న పొయ్యి వాళ్లే అంటించాలి. వండి, ఇంటి మనిషికి కొత్త బట్ట కప్పి, దగ్గర కూర్చుని తినిపించాలి. అప్పుడుగాని ఆ ఇంట్లోకి పండుగలు మళ్లీ రావు. ఆడబిడ్డను కాబట్టి ఆ పని నాది. క్లాసులు లేవు కదా అని సెన్సేను కూడా రమ్మన్నాను.

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాం. వాన కురిసి వెలిసింది. లింగంపేట బోర్డు ఆమె నాకంటే ముందు చదివింది. ఎల్లారెడ్డి బోర్డు నేను ముందు చదివాను. అది నా ఊరు కాబట్టి చదివానా, చూసి గుర్తుపట్టానా అన్నది వేరే సంగతి.

మా వదిన మూలకు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కొంత ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఈమెనేడికెళ్లి తోలుకొచ్చినవే?" అంది.

"మా సెన్సే. జపాను."

"జపానామె ముంగట నేను గీ పాత చీరల కూసున్ననా! ముందుగాల ఒక మాట చెప్పొద్దా?"

నేను పొయ్యి అంటించి పోలెలు చేశాను. సెన్సే పక్కన కూర్చుని పూర్ణం ఉండలు కట్టింది. ఒక్కటీ చిన్నది కాదు, ఒక్కటీ పెద్దది కాదు. వదినకు చీర కప్పి పళ్లెం ముందు పెట్టాను. వదిన పళ్లెం నెట్టేసింది. అది కూడా పద్ధతే. నాలుగుసార్లు బతిమాలాలి. కానీ ఆ రోజు పద్ధతి దాటింది. వదిన నిజంగానే తిననంది. నేను అరిచాను, ఏడ్చాను, మా అన్న మీద ఒట్టు పెట్టాను. కదల్లేదు.

"బిడ్డా, నువ్వు తిను. నువ్వు చుట్టానివి" అంది వదిన సెన్సేతో.

"మీరు తిన్నంక" అంది సెన్సే.

"నేను తర్వాత తింట."

"నేను గూడ తర్వాత."

పళ్లెం ముందు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బతిమాలలేదు. ఓదార్చలేదు. పోలె చల్లారింది. నెయ్యి గడ్డ కట్టింది. వదిన రెండుసార్లు ఆమె దిక్కు చూసి, మూడోసారి నా దిక్కు చూసి, "ఇదెక్కడి మొండిదే! దీన్ని పస్తుంచిన పాపం నాకెందుకు" అని పోలె తుంచి నోట్లో పెట్టుకుంది. అప్పుడు సెన్సే కూడా తుంచింది.

తిరిగి వచ్చే బస్సులో ఆమె చాలాసేపు కిటికీలోంచి అడవిని చూసింది. తర్వాత, వాళ్లే పొయ్యి ఎందుకు అంటించుకోకూడదని అడిగింది. మొదటి పండుగ సంగతి చెప్పాను. ఆమె నా దిక్కు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"నాది గూడ గదే పెద్దమ్మా" అంది.

అప్పుడు చెప్పింది ఓబోన్ అంటే ఏమిటో. ఆగస్టు నడుమ పోయినవాళ్లు ఇంటికి వస్తారట. దారి కనబడడానికి వాకిట్లో చిన్న మంట వేస్తారు. కీరదోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వచ్చేటప్పుడు తొందరగా రావాలని. వంకాయకు పుల్లలు గుచ్చి ఆవును చేస్తారు, పోయేటప్పుడు మెల్లగా పోవాలని. చనిపోయాక వచ్చే మొదటి ఓబోన్ అన్నిటికన్నా పెద్దది. ఆ యేడు తెల్ల కాగితం దీపం కడతారు. కొత్తగా పోయిన మనిషికి దారి తెలియదు కాబట్టి.

"సాగనంపుడు నేను ఫోన్ల చూసిన. వచ్చేటప్పుడన్న వాకిట్ల ఉండాలె" అంది.

ఏండ్లకేండ్లు వంకాయలు కోసిన చేతులు నావి. అందులో ఆవు ఉందని తెలియదు.

ఆ మర్నాడు ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లేసరికి నేను కావాలనే చాయ్ ఆలస్యం చేసి, ఆమె వెనకే తీసుకుపోయాను.

సారు ఆమెను చూడగానే చేతులు ఎత్తేశారు. "మేడం, రోజూ ఇదే పాటనా?"

"సార్, నేను కొత్త మాట తెచ్చిన. దసరా సెలవు నాకు వద్దు. అన్ని రోజులు నేను క్లాసు చెప్త. ఆగస్టుల పోయిన రోజులన్ని గట్ల తిరిగొస్తయి."

ఆమెకు అది చాలా మంచి లెక్క అనిపించి ఉంటుంది. సారు ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వారు.

"దసరాకు క్లాసా! బతుకమ్మ విడిచిపెట్టి ఏ పిల్ల వస్తది మేడం? నేను గిట్ల రమ్మంటే వాళ్ల నాయినలు కట్టెలు పట్టుకొని వస్తరు. మా ఇంట్లో పెద్దలకు పెట్టే పెత్రామాస ఉంటది. మా నాయినకు బియ్యం ఇచ్చుకోవాలె. ఆ పొద్దు మంత్రి వచ్చి పిలిచినా నేను రాను. అడుగు, ఈ అవ్వనడుగు. దసరాకు ఎవ్వలన్న పని చేస్తరా?"

"చెయ్యరు సార్" అన్నాను నేను.

"గదే సార్" అంది సెన్సే. అదే గొంతు. "ఓబోన్ గూడ గట్లనే. మా నాన్నది మొదటి పండుగ. మా అమ్మ పొయ్యి ముట్టియ్యకుండ కూసుంటది. నేను పోవాలె."

సారు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. చాయ్ గ్లాసు తీసుకుని, తాగకుండా పక్కన పెట్టారు.

"మొదటి పండుగనా? మరి ఈ మాట ముందుగాల చెప్పొద్దా మేడం?"

"చెప్పిన సార్. మొదటి రోజే ఓబోన్ అని చెప్పిన. మీరు దసరాకు పో అన్నరు."

సారు కిటికీ దిక్కు చూశారు. తర్వాత అలవాటు చొప్పున ముందుకు వంగారు.

"సరే పో. ఎనిమిది రోజులు."

"పన్నెండు సార్."

"తొమ్మిది. ఇంక అడగకు."

"పన్నెండు."

సారు నా వైపు తిరిగారు. "అవ్వా, ఈమె అంగట్ల గూడ గిట్లనేనా? బేరం చెయ్యదా?"

"చెయ్యదు సార్. చెప్పిన ధర నచ్చితే కొంటది. నచ్చకపోతే దండం పెట్టి పోతది" అన్నాను. నేను ఉన్నమాట చెప్పానంతే. కానీ సారు "పోతదా?" అని ఆమె ముఖంలోకి పరీక్షగా చూశారు.

ఆమె ఆ చూపును పట్టుకోగలిగింది. పట్టుకుని వాడుకోలేదు. "సార్, మీరు భయపడుతున్నరు. నేను మల్ల రానని. నేను వస్త. పన్నెండు రోజులిచ్చినా వస్త. తొమ్మిదిచ్చినా వస్త. కని తొమ్మిదిస్తే మా నాన్నను పంపియ్యకముందే రావాలె. అది నాతోని కాదు."

బెదిరిస్తే ఆమెకే లాభం. నేనైతే బెదిరించేదాన్ని. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క కట్టెను ఆమె కింద పడేసి, ఉత్త చేతులతో నిలబడింది.

చివరికి సారు, "పంద్రాగస్టుకు నేను చెప్పుకుంట తియ్. పన్నెండే తీసుకో. పోయి రా" అన్నారు. ఆమె తల వంచింది. నేను చూసినన్ని రోజుల్లో అంత కిందికి వంచడం అదే మొదటిసారి. ఆయన లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక తానూ వంచారు. అద్దాలు జారి చాయ్‌లో పడబోతే పట్టుకున్నారు.

పోయేముందు ఆదివారాలు కూడా క్లాసు పెట్టి పిల్లలకు పాఠాలు ముందే చెప్పింది. ఒక్క పిల్ల గొణగలేదు. బీర్కూర్ పిల్ల తన పరీక్ష భయం పక్కన పెట్టి, బస్టాండుకు ఆమె పెట్టె తనే మోసుకొచ్చింది. హైదరాబాదు బస్సు జాతీయ రహదారి దిక్కు తిరిగేదాకా మేము అక్కడే ఉన్నాం.

పంద్రాగస్టు నాడు కొత్త పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. జెండా ఎగరేశాక ఒక తండ్రి అడగనే అడిగాడు. "జపాన్ మేడం ఉన్నదన్నరు. ఏది సార్?"

మా సారు ఒక్క క్షణం తడబడతారేమో అనుకున్నాను. ఛాతీ ముందుకు పెట్టి, "ఆమె లేదు. తండ్రి మొదటి పండుగకు ఇంటికి పోయింది. నేనే పంపిన. ముసలోళ్లను చూసుకునే పని నేర్పేటోళ్లు కన్నోళ్లను మరిస్తరా? గసుంటి మనిషి చేతుల మీ బిడ్డలుంటరు, ఆలోచించుకోన్రి" అన్నారు. ఆ తండ్రి తువ్వాలు సవరించుకుని, "గట్లనే ఉండాలె సార్" అన్నాడు. పక్కనున్న తల్లులు తలలూపారు. లెక్కల తమ్ముడు నా చెవిలో, "సారు ఈమె లేకుంటనే ఎక్కువ మందిని చేర్పిస్తున్నడు పెద్దమ్మా" అని గొణిగాడు.

చెప్పిన రోజుకు ఆమె వచ్చింది. ప్రయాణపు బట్టలతోనే నేరుగా షెడ్డులోకి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. సారు అప్పటికే రెండుసార్లు వచ్చి, "బస్సు దిగిందటనా?" అని అడిగి పోయారు. ఆమె గొంతు వినబడగానే మూడోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, ఏదో అనబోయి, "చాయ్ పెట్టు అవ్వా, మేడంకు" అని వెళ్లిపోయారు.

నేను చాయ్ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎట్లా అడగాలో తెలియలేదు. అందుకని ఆమె అడిగినట్టే ఊరికే అడిగాను.

"వచ్చిండా బిడ్డా, మీ బాపు?"

"వచ్చిండు పెద్దమ్మా" అంది. "మొదలు మంట పెట్టంగనే వాన పడ్డది. ఆరిపోయింది. మా అమ్మ లోపలికి దా అన్నది. నేను పోలే. గొడుగు పట్టుకొని మల్ల ముట్టిచ్చిన. మల్ల ఆరింది. మల్ల ముట్టిచ్చిన. గప్పుడు మంచిగ అంటుకున్నది."

గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి తాగింది.

"ఆలస్యంగ వచ్చిండు. బతికున్నప్పుడు గూడ గంతే. ఎన్నడు టైముకు రాలే" అని చిన్నగా నవ్వింది. గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని క్లాసుకు వెళ్లింది.